తడిస్తే పాత రూపు

నందికొట్కూరు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం చేరేసరికి కల్యాణకట్టలో అప్పటికే రద్దీగా ఉంది. నేనొచ్చింది మొక్కు చెల్లించడానికి కాదు, తలనీలాలు చూడటానికి. ఆ మాట చెబితే పక్కనున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"బాగా నాననీ సామీ, ఎండు జుట్టు మీద కత్తి నడవదు" అంటూ క్షురకుడు ఓ పిల్లాడి తల మీద మరో చెంబు నీళ్లు పోశాడు. రసాయన శాస్త్రం చెప్పేదీ అదే. జుట్టంతా కెరటిన్ అనే ప్రొటీన్. దాని పోగులు మెలికలు తిరిగి ఉంటాయి. వాటిని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు నీళ్లు తగిలితే సడలుతాయి, గంధకపు బంధాలు సడలవు. వేడి పెట్టి సాపు చేసిన ఉంగరాల జుట్టు వానలో తడవగానే మళ్లీ ఉంగరాలు తిరిగేది అందుకే.

ఈ గుణాన్నే 2020లో హార్వర్డ్ పరిశోధకులు పట్టుకున్నారు. వాడగా మిగిలిన అంగోరా ఉన్నిలోంచి కెరటిన్ తీశారు. త్రీడీ ప్రింటర్‌తో రేకు చేసి, నక్షత్రంలా మడిచి, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసిన ద్రావణంతో ఆ రూపాన్ని ఖాయం చేశారు. తర్వాత దాన్ని తడిపి, గొట్టంలా చుట్టి ఆరబెట్టారు. మళ్లీ నీళ్లలో వేస్తే గొట్టం విప్పుకొని నక్షత్రమైంది!

శస్త్రవైద్యులు కోరుకునేది ఇలాంటిదే. చిన్న గాటులోంచి చుట్టి పంపితే లోపల విచ్చుకోవాలి, పని తీరాక కరిగిపోవాలి. నికెల్, టైటానియం కలిపి చేసే నిటినాల్ స్టెంట్లు ఒంటి వేడికి విచ్చుకుంటాయి గానీ కరగవు. జుట్టుకూ చిక్కు అక్కడే. వెంట్రుకలు మింగే అలవాటున్న పిల్లల కడుపులో అవి అరగక ఉండకడితే ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తుంది. విడదీసి శుద్ధి చేసిన కెరటిన్ కొంత నయం, మెల్లగానైనా విరుగుతుంది. పట్టులోని ఫైబ్రాయిన్, రొయ్య పెంకుల నుంచి వచ్చే కైటోసాన్ కూడా ఒంట్లో కరిగేవే. వీటిలో ఒకదాన్ని కెరటిన్‌తో జతచేస్తేనే దారి దొరుకుతుందని నాకనిపిస్తోంది.

దేవస్థానం తలనీలాలను వేలం వేస్తుంది. పొడుగు జుట్టు సవరాలకూ విగ్గులకూ పనికొస్తుంది కాబట్టి మంచి ధర పలుకుతుంది, పొట్టి జుట్టుకు అంత గిరాకీ ఉండదు. కర్నూలులో 1956 నుంచి వైద్య కళాశాల, 2008 నుంచి రాయలసీమ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఓ బస్తా పొట్టి జుట్టు ప్రయోగాలకు ఇప్పించమని వాళ్లు దేవస్థానాన్ని అడగాలి.