రెండు చుక్కలు నేర్పిన పాఠం

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న యాడ్ ఏజెన్సీలో తెలుగు కాపీరైటర్‌ని. పేరు వినగానే గొప్పగా ఊహించుకోకండి. ముంబై నుంచి హిందీ స్క్రిప్టు వస్తుంది. సాయంత్రానికల్లా తెలుగు చేసి పంపాలి. నటి పెదాల కదలికకు మన మాట సరిపోతే చాలు, పాసైపోయినట్టే. 2025 అక్టోబర్ 24న కూడా అదే పనిలో ఉన్నా. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. పీయూష్ పాండే ఇక లేరు.

ఆయన్ని నేనెప్పుడూ కలవలేదు. అయినా ఆ పూట స్క్రిప్టు ముందుకు కదల్లేదు.

పేరు చెబితే మీకు గుర్తు రాకపోవచ్చు, పని చెబితే వస్తుంది. బస్సు పైనా పక్కనా వెనకా జనం వేలాడుతున్నా, గతుకుల రోడ్డు మీద ఒక్కరూ జారిపడని ఫెవికాల్ యాడ్. బంతి బౌండరీ దాటగానే గ్రౌండ్‌లోకి డాన్స్ చేస్తూ పరిగెత్తే అమ్మాయి, క్యాడ్‌బరీ యాడ్. ఇవన్నీ ఆయన, ఆయన టీమ్ చేసినవే.

పుట్టింది జైపూర్‌లో. రాజస్థాన్ తరఫున రంజీ ఆడారు. టీ రుచి చూసి నాణ్యత చెప్పే ఉద్యోగం చేశారు. 1982లో ఓగిల్వీలో చేరింది కూడా రాయడానికి కాదు, క్లయింట్ల వ్యవహారాలు చూడటానికి. అప్పట్లో యాడ్ ఆలోచన ఇంగ్లిష్‌లో పుట్టేది, హిందీ దానికి అనువాదంగా వచ్చేది. ఆయన ఆ వరస మార్చేశారు. ఇంట్లో, వీధిలో, వడ్రంగుల దగ్గర విన్న మాటల్లోంచే యాడ్ పుట్టించారు. 2016లో పద్మశ్రీ వచ్చింది.

నాకు బాధ కలిగించేది ఒక్కటే. ఒకప్పుడు ఇంగ్లిష్ ముందు హిందీ పడిన అవస్థే, ఇవాళ హిందీ ముందు తెలుగు పడుతోంది. అందులో నా చెయ్యి కూడా ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వంటనూనె యాడ్ తెలుగు చేశా. టీవీలో వచ్చినప్పుడు అమ్మను పిలిచి మరీ చూపించా. 'ఆరోగ్యం కూడా, రుచి కూడా' అంటోంది నటి. అమ్మ మొత్తం చూసి, "బాగుంది గానీ నాన్నా, ఆవిడ ఎవరితో మాట్లాడుతోందిరా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఏ వంటింట్లో, ఎవరు, ఎవరితో అలా మాట్లాడతారు?

పల్స్ పోలియోకి 'దో బూంద్ జిందగీ కీ' అన్న నినాదం పీయూష్ గారిదే. దాన్ని నాలాంటివాడు ఉన్నదున్నట్టు దించితే 'రెండు జీవన బిందువులు' అయ్యేది. కానీ మనం చిన్నప్పుడు విన్నది 'నిండు జీవితానికి రెండు చుక్కలు'. ఆ 'నిండు' హిందీలో లేదు. అది మన అమ్మమ్మలు 'నిండు నూరేళ్లు' అని దీవించేటప్పుడు వాడే మాట. నిండు పక్కన రెండు చేరగానే ప్రాస కుదిరింది, పిల్లల నోటికి కూడా ఎక్కేసింది. 2014లో మన దేశానికి పోలియో రహిత గుర్తింపు వచ్చింది. ఆ మాట ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగిందో!

ఆ సాయంత్రం హిందీ స్క్రిప్టు మూసేసి అమ్మకు ఫోన్ చేశా. "ఈ విషయం పక్కింటి పిన్నికి చెప్పాలంటే ఎలా చెప్తావమ్మా?" అని అడిగా. ఒక్క ముక్కలో చెప్పింది. అదే రాసి పంపా. పెదాలకు కుదర్లేదని క్లయింట్ తిప్పి కొట్టాడు.

అప్పట్నుంచి ప్రతి స్క్రిప్టుకీ రెండు తెలుగులు పంపుతున్నా. ఒకటి పెదాల కోసం, ఇంకోటి చెవుల కోసం. ఇప్పటిదాకా రెండోది పాసైంది ఒక్కసారే. ఆ యాడ్ వచ్చే టైముకి టీవీ పెట్టమని అమ్మకు చెప్పా.

ఆవిడ ఎవరితో మాట్లాడుతోందని ఈసారి అమ్మ అడగలేదు. "ఆ నూనె... కాదు, ఆ పప్పు ఎక్కడ దొరుకుతుందిరా?" అంది.