టైటానియం అతుకులో బుడగలు

ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో మాకు ఉక్కుతోనే పరిచయం. టైటానియం చేతికి వచ్చిన తరువాతనే లోహానికి కూడా దాహముంటుందని తెలిసింది. వేడెక్కగానే అది గాలిలోని ఆక్సిజనును, నైట్రోజనును, తేమలోని హైడ్రోజనును త్రాగివేస్తుంది. అందుచేత ఆర్గాను వాయువు చాటున అతకాలి. కరిగిన చోటనే కాదు, అతుకు వెనుక వైపున, టార్చి దాటిపోయిన భాగాన కూడ సుమారు 400 డిగ్రీలకు చల్లబడేవరకు ఆ చాటు ఉండాలి. అతుకు వెండివలె మెరిస్తే రక్షణ సరిపోయినట్లు. నీలమో, బూడిదరంగో తేలితే గాలి సోకినట్లు.

ఆ మెరుపును నమ్మడమే మా పొరపాటు. ఒక వర్షాకాలంలో, 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిసిన మిశ్రమలోహంతో పీడనపాత్రలు చేస్తున్నాము. అతుకులు అద్దాలవలె ఉన్నాయి. ఎక్స్‌రే ఫిల్ములో మాత్రం అతుకు అంచు వెంబడి గసగసాలు చల్లినట్లు నల్లని చుక్కలు! పీడనం పదేపదే ఎక్కిదిగే పాత్రలో పగులు అటువంటి రంధ్రాల వద్దనే మొదలవుతుంది గనుక తిరస్కరించక తప్పలేదు. నివేదికలో కారణమనే గడిలో ‘వెల్డరు అజాగ్రత్త’ అని వ్రాసి సంతకం చేశాము. ఆయన మాకంటె వయసులో పెద్దవారు. “ప్రొద్దున వేసే మొదటి అతుకే చెడుతోంది సార్, చూడండి” అని మాత్రం అన్నారు. మేము చూడలేదు.

ఈ బుడగలకు ముఖ్యకారణం హైడ్రోజను. తీగమీది తేమ, నూనెజిడ్డు, వ్రేలిముద్ర, కత్తిరించిన అంచు మడతలో దాగిన మురికి, ఇవన్నీ దానిని మోసుకొచ్చేవే. కాగే నూనెలో తడిచేయి విదల్చరాదని మన ఇండ్లలో ఎవరికి తెలియదు? మా షాపులో మాకు తెలియలేదు. టైటానియంలో మరొక చిత్రమున్నది. మిక్కిలి వేడిగా ఉన్నచోట హైడ్రోజను ఇమడలేక, చల్లగా ఉన్న అంచువైపు జరుగుతుంది. లోహం గడ్డకట్టేవేళ పైకి తేలే వ్యవధి లేక అక్కడనే బుడగగా చిక్కుకుపోతుంది. చుక్కలు తరచు అంచు వెంబడి బారులు తీరడం అందుకే.

తీగను ఎసిటోనుతో తుడిపించాము, అంచులను గీకించాము, శుభ్రమైన చేతితొడుగులు ఇప్పించాము. చుక్కలు తగ్గాయి గాని పోలేదు. చివరకు ఫిల్ముల నెంబర్లను పనిపుస్తకంతో సరిచూస్తే, చెడినవాటిలో అధికభాగం ఉదయపు తొలి అతుకులే! సిలిండరు వద్ద ఆర్గాను పొడిగానే ఉన్నది. టార్చి వద్ద కొలిస్తే తేమ. నడుమనున్నది రబ్బరు గొట్టం. రబ్బరు గోడగుండా గాలిలోని చెమ్మ లోపలికి దిగుతుంది. రాత్రంతా ఊరకున్న గొట్టంలో అది నిలువ చేరుతుంది. టెఫ్లాన్ గొట్టం వేయించి, ఆర్కు వెలిగించేముందు కొంతసేపు ఆర్గానును వదలసాగాము. తరువాతి ఫిల్ములు తేటగా వచ్చాయి.

నివేదికలో ఆ రెండు మాటలూ కొట్టివేసి ‘గొట్టం’ అని వ్రాశాము. అప్పటికే ఆయన పదోన్నతి పరీక్ష ఒక విడత తప్పిపోయింది. ఆ సాయంత్రం క్వార్టరుకు వెళ్ళి చెప్పాము. కాఫీ ఇచ్చి అంతా విని, ఆయన అడిగినది ఒక్కటే: “ఆ పాత గొట్టాన్ని తిరిగి స్టోర్సుకు పంపలేదు గదా సార్?”

పంపాము. మరునాడు ఉదయమే వెళ్ళి దగ్గరుండి ముక్కలు చేయించాము.