రండి... మా ఊరు చూసిపోండి!

అమెరికాలో పార్టీల జాతీయ మహాసభల కోసం ఊళ్లు పోటీ పడతాయి. చికాగో నీడలో ఉండిపోయిన మిల్వాకీ ఆ పోటీలో రెండుసార్లు గెలిచింది. మొదటిసారి పందిరి వేశాక అతిథులే రాలేదు. రెండోసారి ఊరు నిండిపోయింది. మరి చివరికి ఆ ఊరికి మిగిలిందేమిటి?

మన దగ్గర పార్టీ మహాసభ ఎక్కడ పెట్టాలో పార్టీ పెద్దలే తేల్చేస్తారు. ఊరిని అడిగేవాళ్లుండరు. అమెరికాలో అలా కాదు. నాలుగేళ్లకోసారి అధ్యక్ష అభ్యర్థిని ప్రకటించే జాతీయ కన్వెన్షన్‌ కోసం ఊళ్లే ముందుకొచ్చి 'మా దగ్గర జరపండి' అని దరఖాస్తు పెట్టుకుంటాయి. ఆ తర్వాత పార్టీ ఎంపిక సంఘం ఊరు చూడటానికి వస్తుంది. అచ్చం పెళ్లిచూపులే! హోటల్‌ గదులెన్ని ఉన్నాయి, వేలమంది కూర్చునే ఆడిటోరియం ఉందా, విమానాశ్రయం ఎంత దూరం, విరాళాలిచ్చే కంపెనీలున్నాయా, పోలీసులు సరిపోతారా... అన్నీ ఆరా తీస్తారు. నచ్చితే సరే. లేదంటే 'తర్వాత కబురు చేస్తాం' అని వెళ్లిపోతారు.

అలాంటి చూపుల్లో నెగ్గడం చికాగోకి వెన్నతో పెట్టిన విద్య. 2024 వరకూ రెండు పెద్ద పార్టీలవీ కలిపి 26 సభలు అక్కడే జరిగాయి. దానికి 145 కిలోమీటర్ల దూరంలో, అదే మిషిగన్‌ సరస్సు ఒడ్డున ఉన్న ఊరు మిల్వాకీ. రైలెక్కితే గంటన్నర ప్రయాణం. 2020 లెక్కల ప్రకారం జనాభా 5.77 లక్షలు. అంటే మన విజయవాడ కంటే చిన్నది!

బీరు, బైకు, టైపు మిషను

పేరు చెబితే చాలామంది గుర్తుపట్టరుగానీ, మిల్వాకీ ప్రపంచానికి ఇచ్చినవి తక్కువేం కాదు. పందొమ్మిదో శతాబ్దంలో వలస వచ్చిన జర్మన్లు ఇక్కడ బీరు కంపెనీలు పెట్టారు. మిల్లర్‌, పాబ్స్ట్‌, ష్లిట్జ్‌, బ్లాట్జ్‌... అన్నీ ఈ ఊరి పేర్లే. బేస్‌బాల్‌ జట్టు పేరు కూడా 'బ్రూవర్స్‌', అంటే బీరు కాచేవాళ్లు! కుర్రకారు కలలుగనే హార్లే డేవిడ్సన్‌ మోటార్‌సైకిల్‌ 1903లో ఇక్కడే పుట్టింది. మీ కంప్యూటర్‌ కీబోర్డు మీద పై వరుసలో క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్‌, టి, వై అని అక్షరాలుంటాయి చూడండి... ఆ వరుసకు మూలం 1868లో మిల్వాకీవాసి క్రిస్టఫర్‌ షోల్స్‌, అతని సహచరులు పేటెంట్‌ తీసుకున్న టైప్‌రైటరే.

ఆ వైభవం ఎల్లకాలం నిలవలేదు. 1960లో 7.41 లక్షలున్న జనాభా ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. ష్లిట్జ్‌ బీరు కర్మాగారం 1981లో మూతపడింది. పాబ్స్ట్‌ది 1996లో. ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోయాయి. డబ్బున్నవాళ్లు శివార్లకు వెళ్లిపోయారు. నల్లజాతివాళ్లుండే వీధులూ తెల్లవాళ్లుండే వీధులూ వేర్వేరైపోయాయి. అద్దె కట్టలేక ఇళ్లు ఖాళీ చేయాల్సొచ్చిన ఇక్కడి కుటుంబాల కథనే మాథ్యూ డెస్మండ్‌ 'ఎవిక్టెడ్‌' పేరుతో పుస్తకంగా రాశారు. దానికి 2017లో పులిట్జర్‌ బహుమతి వచ్చింది.

అందుకే ఊరివాళ్లకి ఈ కన్వెన్షన్‌ అంత పట్టింపయింది. 'మేం ఇంకా ఉన్నాం, మా ఊరికి రండి' అని నలుగురికీ చెప్పుకోవడానికి దొరికిన అవకాశం అది.

పందిరి వేశాక...

2018లో ఊరి నడిబొడ్డున ఫైసర్వ్‌ ఫోరమ్‌ అనే కొత్త బాస్కెట్‌బాల్‌ స్టేడియం తయారైంది. ఖర్చు 52.4 కోట్ల డాలర్లు. అందులో 25 కోట్లు ప్రజల డబ్బు. సభకు కావలసిన హాలు వచ్చేసింది. 2020 సభ కోసం డెమోక్రటిక్‌ పార్టీ చూపులకొచ్చినప్పుడు మిల్వాకీతో తలపడినవి హ్యూస్టన్‌, మయామీ. రెండూ మహానగరాలే. అయినా 2019 మార్చిలో మిల్వాకీయే గెలిచింది!

ఊరి అందం ఒక్కటే కాదు, ఓట్ల లెక్క కూడా కలిసొచ్చింది. 2016 ఎన్నికల్లో ఈ విస్కాన్సిన్‌ రాష్ట్రాన్ని డెమోక్రాట్లు 23 వేల లోపు ఓట్ల తేడాతో పోగొట్టుకున్నారు. ప్రచార సమయంలో హిల్లరీ క్లింటన్‌ ఈ రాష్ట్రం ముఖమే చూడలేదన్న నింద ఉంది. ఆ మరక చెరిపేసుకోవాలి. మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో చికాగో కాకుండా మరో ఊళ్లో ఆ పార్టీ సభ పెట్టడం 1916 తర్వాత అదే మొదటిసారి. 50 వేలమంది వస్తారన్నారు. 20 కోట్ల డాలర్ల వ్యాపారం జరుగుతుందన్నారు. హోటళ్లు, టాక్సీలు, రెస్టారెంట్లు... అందరూ ఆశగా ఎదురుచూశారు.

ఇంతలో కరోనా! జులైలో జరగాల్సిన సభ ఆగస్టుకు మారింది. స్టేడియం నుంచి పక్కనున్న చిన్న హాలుకు దిగింది. నాయకులు ఎవరింట్లో వాళ్లు కూర్చుని కెమెరా ముందు మాట్లాడారు. అభ్యర్థి జో బైడెన్‌ కూడా మిల్వాకీ రాలేదు. సొంతూరు విల్మింగ్టన్‌ నుంచే నామినేషన్‌ స్వీకరించారు. టీవీ తెర మీద ఊరి పేరైతే కనిపించింది. ఊళ్లో మాత్రం అతిథులు లేరు.

ఈసారి ఏనుగు గుర్తు

డెమోక్రాట్ల గుర్తు గాడిద, రిపబ్లికన్లది ఏనుగు. 2024 సభకు రిపబ్లికన్లు ఊళ్లు వెతకడం మొదలెట్టగానే మిల్వాకీ మళ్లీ పేరిచ్చింది. చిత్రమేమిటంటే ఊరి మేయర్‌ కావలియర్‌ జాన్సన్‌ డెమోక్రాట్‌. నగర మండలిలో ఉన్నదీ ఆ భావాలవాళ్లే. పైగా ఇరవయ్యో శతాబ్దంలో ముగ్గురు సోషలిస్టు మేయర్లను ఎన్నుకున్న ఊరిది. మురుగు కాలువలు, మంచినీళ్లు, పార్కుల మీద పట్టుదలగా పనిచేసినందుకు వాళ్లకు 'సీవర్‌ సోషలిస్టులు' అని పేరు కూడా పడింది. అలాంటి ఊరు ట్రంప్‌ పార్టీకి తాంబూలాలివ్వడమా? 'పార్టీ ఏదైనా అతిథి అతిథే, నాలుగు రూకలు వస్తే ఊరికి మంచిది' అన్నది పెద్దల వాదన. రిపబ్లికన్‌ పార్టీకి బీజం పడింది కూడా ఈ రాష్ట్రంలోని రిపన్‌ అనే చిన్న ఊళ్లో, 1854లో. ఆ రకంగా పుట్టింటి వరసే!

పోటీలో మిగిలిన నాష్‌విల్‌లో నగర మండలి 'మాకొద్దు' అనేసింది. దాంతో 2022 ఆగస్టులో మిల్వాకీ ఖాయమైంది. అయితే 2024 జూన్‌లో ట్రంప్‌ ఓ సమావేశంలో మిల్వాకీని 'ఘోరమైన ఊరు' అన్నారని వార్తలొచ్చాయి. నేరాల గురించి, ఎన్నికల గురించి అన్న మాటలను వక్రీకరించారని ఆయన వర్గం చెప్పింది. ఊరివాళ్లు మాత్రం ఊరుకుంటారా? ఆ మాటనే టీషర్టుల మీద అచ్చేసి అమ్ముకున్నారు!

సభకు రెండు రోజుల ముందు, జులై 13న పెన్సిల్వేనియాలో ట్రంప్‌ మీద కాల్పులు జరిగాయి. తూటా చెవిని తాకుతూ పోయింది. చెవికి కట్టుతో ఆయన మిల్వాకీ చేరుకున్నారు. ఈ ఊరికి అలాంటి అనుభవం కొత్త కాదు. 1912 అక్టోబరు 14న మాజీ అధ్యక్షుడు థియోడర్‌ రూజ్‌వెల్ట్‌ను ఇక్కడే ఒక హోటల్‌ ముందు కాల్చారు. జేబులో మడతపెట్టి ఉన్న 50 పేజీల ఉపన్యాస ప్రతి, కళ్లజోడు పెట్టె తూటా వేగాన్ని తగ్గించాయి. ఆయన ఆసుపత్రికి పోకుండా నేరుగా సభకెళ్లి గంటకు పైగా మాట్లాడారు! ఆ సభ జరిగిన భవనం ఇప్పటికీ ఉంది. మిల్లర్‌ హై లైఫ్‌ థియేటర్‌ అంటారు. హోటల్‌ ఉన్న చోట ఇప్పుడు హయత్‌ రీజెన్సీ ఉంది.

మనవాళ్ల జాడలు

జులై 17 రాత్రి ఫైసర్వ్‌ ఫోరమ్‌ వేదిక మీద ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి.వాన్స్‌ను పరిచయం చేసింది ఆయన భార్య ఉష. పుట్టింటి పేరు చిలుకూరి. తన శాకాహారానికి ఆయన అలవాటు పడ్డారనీ, తన తల్లి దగ్గర భారతీయ వంటలు నేర్చుకున్నారనీ ఆమె చెబితే హాలంతా చప్పట్లు. ఇక్కడ పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు పేరు పత్రికలకెక్కింది.

మైక్రోసాఫ్ట్‌ అధిపతి సత్య నాదెళ్ల హైదరాబాద్‌ నుంచి అమెరికా వెళ్లి మొదట చదువుకున్నదీ మిల్వాకీలోనే. ఇక్కడి విస్కాన్సిన్‌ విశ్వవిద్యాలయంలో 1990లో కంప్యూటర్‌ సైన్స్‌లో ఎమ్మెస్‌ పూర్తిచేశారు. గంటన్నర దూరంలోని మాడిసన్‌లో వెల్చేరు నారాయణరావు దశాబ్దాల పాటు తెలుగు సాహిత్యం బోధించారు.

ఊరికి దక్షిణాన ఓక్‌ క్రీక్‌లో సిక్కుల గురుద్వారా ఉంది. 2012 ఆగస్టు 5న జాతి విద్వేషంతో ఓ దుండగుడు అక్కడ జరిపిన కాల్పుల్లో ఆ రోజే ఆరుగురు చనిపోయారు. ఆ రోజు గుండె కోతను చూసిన ఊరి పొలిమేరల్లోనే, 2024 సభ మొదటి రోజు హర్మీత్‌ ధిల్లాన్‌ వేదిక మీద సిక్కుల ప్రార్థన చేశారు.

చూడాల్సినవి

వెళితే వేసవిలోనే వెళ్లాలి. చలికాలంలో సరస్సు మీంచి వచ్చే గాలి ఎముకలు కొరికేస్తుంది. ముందుగా ఒడ్డునున్న ఆర్ట్‌ మ్యూజియం. స్పెయిన్‌ శిల్పి కలట్రావా రూపకల్పన చేసిన తెల్లటి కట్టడం 2001లో తెరిచారు. దాని పైకప్పుకి రెక్కలుంటాయి. రెండూ విప్పుకుంటే 217 అడుగులు. గాలి జోరుగా లేని రోజున మధ్యాహ్నం పన్నెండింటికి అవి ముడుచుకుని మళ్లీ విచ్చుకుంటాయి. పిల్లలు చప్పట్లు కొట్టకుండా ఉండలేరు.

అక్కణ్నుంచి నది వెంట నడక దారిలో వెళ్తే థర్డ్‌ వార్డ్‌ పాత గోదాములు కనిపిస్తాయి. ఇప్పుడవన్నీ షాపులు, హోటళ్లు. పక్కనే పబ్లిక్‌ మార్కెట్‌. ఇక్కడి చీజ్‌ కర్డ్స్‌ తాజావైతే పళ్ల కింద కిచకిచమంటాయి. ఫ్రోజెన్‌ కస్టర్డ్‌ ఐస్‌క్రీమ్‌ కంటే చిక్కగా ఉంటుంది, కానీ అందులో గుడ్డు ఉంటుంది సుమా! పాత భవనాల మీగడరంగు ఇటుకలు ఈ ప్రాంతపు మట్టితో చేసినవే. వాటివల్లే ఊరికి 'క్రీమ్‌ సిటీ' అన్న ముద్దుపేరు. బైకుల పిచ్చి ఉంటే హార్లే మ్యూజియానికి ఒక పూట కేటాయించుకోండి.

లెక్క తేలిందా?

2024 సభ వల్ల 32.1 కోట్ల డాలర్ల లబ్ధి కలిగిందని ఊరి పర్యటక సంస్థ లెక్క చెప్పింది. భద్రతకు కేంద్ర ప్రభుత్వం 7.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. అయితే స్టేడియం చుట్టూ కంచెలు కట్టేసరికి కొన్ని రెస్టారెంట్లలో ఈగలు తోలుకున్నారు. మామూలు గిరాకీ కూడా రాలేదని యజమానులు వాపోయారు. బందోబస్తుకి ఎక్కడెక్కడి పోలీసులో వచ్చారు. జులై 16న, సభాస్థలికి మైలు దూరంలో, కత్తులతో మరొకరితో గొడవపడుతున్న ఇల్లూవాకిలీ లేని ఒక వ్యక్తిని ఒహాయో నుంచి వచ్చిన పోలీసులు కాల్చి చంపారు. వేరే రాష్ట్రం పోలీసులకి మా వీధిలో ఏం పని అని స్థానికులు నిలదీశారు. ఆ ప్రశ్నకు ఏ లాభాల పట్టికలోనూ జవాబు దొరకదు.

మన గోదావరి పుష్కరాలనే తీసుకోండి. జనం వచ్చేది పన్నెండు రోజులే. కట్టిన ఘాట్లు, వేసిన రోడ్లు మాత్రం ఊరికి మిగులుతాయి. మిల్వాకీలోనూ అంతే. 2024 మేలో 45.6 కోట్ల డాలర్లతో విస్తరించిన కన్వెన్షన్‌ సెంటర్‌ ఉంది. ఇక ముందు వైద్యుల సభలో, ఇంజినీర్ల సభలో అక్కడ జరుపుకోవచ్చు. ఫైసర్వ్‌ ఫోరమ్‌లో 2021 జులైలో బక్స్‌ జట్టు యాభయ్యేళ్ల తర్వాత కప్పు గెలిస్తే, బయట వీధుల్లో 65 వేలమంది ఊరివాళ్లే పండగ చేసుకున్నారు. దానికి ఏ ఎంపిక సంఘమూ రాలేదు, ఎవరూ దరఖాస్తు పెట్టలేదు.

అలాగని అప్పులూ తీరిపోలేదు. పింఛన్లు, పోలీసుల ఖర్చు భరించలేక నగరం 2024 జనవరి నుంచి కొత్తగా 2 శాతం అమ్మకపు పన్ను వేసింది. కస్టర్డ్‌ కప్పు కొన్న పర్యాటకుడూ కడతాడు, అద్దెకు తడుముకునే ఊరివాడూ కడతాడు. నాలుగు రోజుల అతిథుల్ని మెప్పించడం మిల్వాకీకి చేతనైంది. ఏడాది పొడుగునా ఉండేవాళ్లను నిలబెట్టుకోవడమే ఇప్పుడు దాని ముందున్న పని.