మేడ మీద పావుగంట

విజయనగరం చేరితే మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారికి దణ్ణం పెట్టుకునే ఇంటికెళ్తాం. 2022 సంక్రాంతికి మాత్రం ప్రశాంతి దిగి ముందు మందుల షాపుకెళ్లాను. ఒమిక్రాన్ రోజులు. ఇంట్లో ఎనభై దాటిన మామ్మ. సర్కారు పరీక్ష ఉచితమే గానీ, ఫలితం వచ్చేసరికి పండగైపోతుంది.

కోవిసెల్ఫ్ కిట్ 250 రూపాయలు. మా వీధిలో కూలికెళ్లేవాళ్లకి అది ఒక పూట సంపాదన. పుణె మైల్యాబ్ తయారీ. 2021 మేలో ఐసీఎంఆర్ అనుమతిచ్చింది. మేడ మీద కూర్చుని ముక్కులో పుల్ల తిప్పి, గొట్టంలో ముంచి, పట్టీ మీద రెండు చుక్కలేశాను. పావుగంటకి ‘సి’ దగ్గర ఒక్క గీతే. నెగెటివ్. అయినా లక్షణాలుంటే ఆర్టీపీసీఆర్ చేయించాల్సిందే. నాకు గొంతు గరగర.

“ఏటి బాబూ, సుట్టంలా అంత దూరంగా కూకున్నావు?” అంది మామ్మ. అరిసెలు మెట్ల మీదే తిన్నాను.