పురిటి పొట్లాల పద్దు

మా అమ్మాయి పురిటికి అమెరికా వెళ్లింది నేనే. ఇందులో వింత ఏముంది అనుకునే వాళ్లు మీలో ఎవరైనా ఉంటే, వాళ్ల ఇంట్లో ఎప్పుడూ ఎవరికీ పురుడు పోసి ఉండరు. ఈ పని తల్లిది. మా ఆవిడ 2022లో పోయింది. వియ్యపురాలు గారికి మే నెల దాకా రావడానికి వీలు లేదు. అమ్మాయికి డాక్టరు ఇచ్చిన తేదీ 2024 ఏప్రిల్ 14. ఇక మిగిలింది డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్ఫై ఏడేళ్లు పనిచేసి రిటైరైన బి.కామ్ గాడు, టీ కూడా ఒకరు కాచి ఇస్తే తాగడం అలవాటైన మనిషి.

"మగవాడు పురిటికి వెళ్లడమేమిటండీ" అని మా వీధిలో ఇద్దరు ముగ్గురు అన్నారు. హేతువాద సంఘం మిత్రుడొకాయన మాత్రం భుజం తట్టి "సంప్రదాయాన్ని బద్దలు కొడుతున్నారు" అన్నాడు. నేను బద్దలు కొట్టిందేమీ లేదు. వేరే మనిషి లేక వెళ్లాను.

ఫిబ్రవరిలో డాలస్ దగ్గర ప్లేనోలో దిగాను. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు. పురుడొచ్చాక వంట ఎలాగ అంటే అమ్మాయి ఒక పద్ధతి చెప్పింది. అక్కడ కడుపుతో ఉన్నవాళ్లు చాలామంది ఇదే చేస్తారట. నెలా రెండు నెలల ముందే కూరలకు కావలసినవన్నీ తరిగి, మసాలా కలిపి, పచ్చివి పచ్చిగానే ప్లాస్టిక్ సంచుల్లో పోసి, గాలి తీసేసి, పలకలా పల్చగా పరిచి ఫ్రీజరులో పెట్టుకోవడం. కావలసిన నాటి ముందు రాత్రి ఒక సంచి తీసి కింద ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి కరుగుతుంది. పొద్దున దాన్ని స్లో కుక్కర్‌లో వంపి మీట తిప్పితే సాయంత్రానికి కూర. పసిపిల్లతో నిద్రలేని మనిషి కూడా చేయగలిగిన వంట అదొక్కటే అంది.

స్లో కుక్కర్ అంటే పెద్ద విశేషమేమీ కాదు. మందపాటి పింగాణీ గిన్నె, దాని చుట్టూ కరెంటు తీగ. 'లో' మీద పెడితే ఎనిమిది గంటలు, 'హై' మీద నాలుగు. నీరు ఆవిరై పోదు కాబట్టి మన లెక్కలో సగం నీళ్లు చాలు. మన వాళ్లకి ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కలకత్తాలో ఇందుమాధవ్ మల్లిక్ అనే ఆయన 1910లో ఇక్‌మిక్ కుక్కర్ అని తయారుచేశాడు, అడుగున బొగ్గులు, పైన గిన్నెలు, ఆఫీసుకు వెళ్లి వచ్చేసరికి అన్నం, పప్పు, కూర. అమెరికా కుక్కర్ కథ ఇంకా బాగుంటుంది. ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీరు దీనికి 1940లో పేటెంటు పొందాడు. లిథువేనియాలో వాళ్ల అమ్మమ్మ శుక్రవారం సాయంత్రం చిక్కుడు గింజలు, మాంసం కుండలో పెట్టి బేకరీ పొయ్యికి పంపేదని తల్లి చెప్పిన కథ ఆయనకు ప్రేరణ. శనివారం నిప్పు రాజేయకూడదు కదా యూదులకు! తర్వాత రైవల్ అనే కంపెనీ కొనుక్కుని 1971లో క్రాక్‌పాట్ అని అమ్మింది. ఒక మత నిషేధం లోంచి ఇంత పనికొచ్చే వస్తువు పుట్టింది. నిషేధం వల్ల కాదు, ఆకలి వల్ల పుట్టింది అని వాదించే మిత్రులు ఉన్నారు. సరే, ఆకలి వల్లే అనుకుందాం.

నాకు చేతనైంది లెక్క. సర్వీసులో కొన్నేళ్లు యూనిట్ల రేషన్ పద్దులు తనిఖీ చేసిన వాణ్ణి. తలకు ఎన్ని గ్రాముల పప్పు, ఎన్ని గ్రాముల ఉల్లి అన్నది నాకు నిద్రలో కూడా తెలుసు. ఒక నోటుబుక్కు కొని రిజిస్టరు గీశాను. నలభై పొట్లాలు. కందిపప్పు సొరకాయ పన్నెండు, కోడికూర ఎనిమిది, సాంబారు ఆరు, గోంగూర పప్పు ఐదు, రాజ్మా ఐదు, వేటమాంసం నాలుగు. ప్రతి సంచి మీద పేరు, తేదీ, వరుస నంబరు మార్కరుతో రాసి, ముందు పెట్టింది ముందు తీసేలా నిలబెట్టాను. మా అల్లుడు ఫ్రీజరు తలుపు తీసి చూసి "మామయ్యా, ఇది ఫ్రీజరా, రికార్డు రూమా?" అన్నాడు.

మొదటి దెబ్బ గోంగూర దగ్గర తగిలింది. నమూనాకి ఒక పొట్లం వండి చూద్దామని పొద్దున వేస్తే సాయంత్రానికి గోంగూర మెత్తగా కరిగిపోయింది గానీ కందిపప్పు ఇసుక రేణువుల్లా పంటికి తగులుతోంది. పులుపుంటే పప్పు ఉడకదు. ఈ సంగతి తెలుగునాట పన్నెండేళ్ల ఆడపిల్లకి కూడా తెలుసు. ఆమ్లం గింజలోని పెక్టిన్‌ని గట్టిపరుస్తుందని నేను తర్వాత చదువుకున్నాను. కారణం తెలిసింది, ఆ వేళకి పప్పు మాత్రం ఉడకలేదు. మిగిలిన నాలుగూ ప్రెషర్ కుక్కర్‌లో వండుకుని ఆ వారమే తినేశాం. సాంబారు పొట్లాల్లో చింతపండు పోయలేదు, అది నా తెలివి కాదు, మర్చిపోయాను.

రెండో దెబ్బ నవ్వుకునేది కాదు.

రాజ్మా రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంపి, ఉల్లి, టొమాటో, అల్లం వెల్లుల్లి కలిపి పొట్లాలు కట్టాను. మార్చి మొదటి వారంలో ఒకటి వండాం. కుక్కర్ అల్లుడి స్నేహితుడెవరో ఊరు మారుతూ ఇచ్చి వెళ్లిన పాతది. గింజలు కాస్త పలుకుగా ఉన్నాయి, 'పంజాబీ వాళ్లు ఇలాగే తింటారేమో' అనుకుని నేను, అల్లుడు తిన్నాం. అమ్మాయికి ఆ రోజు గుండెల్లో మంటగా ఉండి పెరుగన్నంతో సరిపెట్టుకుంది. రెండు గంటలు గడిచాయో లేదో మా ఇద్దరికీ వాంతులు. ఒకరి తర్వాత ఒకరం బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడ్డాం. నాలుగైదు గంటల్లో తగ్గింది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎనిమిదో నెల దాటిన పిల్ల. ఆ గుండెల్లో మంట లేకపోతే తానూ తిని ఉండేది.

మర్నాడు వియ్యపురాలు గారు ఫోన్ చేశారు. "అన్నయ్యగారూ, చల్లటి పెట్టెలో దాచింది తినకూడదు. పైగా ఆ వస్తువు మంగళవారం మొదలెట్టారట" అన్నారు. నేను లోపల కత్తి నూరుకుంటున్నాను. ఆవిడ ఆగి, "అయినా రాజ్మాకి పొంగు రానివ్వకుండా ఎవరైనా వండుతారా? మూడు పొంగులు రాకపోతే ఆ గింజ విషమే" అన్నారు.

మంగళవారం తప్పు. చల్లటి పెట్టె తప్పు. పొంగు మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ ఉంటుంది. నాలుగైదు పచ్చి గింజలు చాలు మనిషిని పడేయడానికి. బాగా మరిగిస్తే అది నశిస్తుంది. మరిగే స్థాయికి చేరకుండా 80 డిగ్రీల దగ్గర సన్నగా ఉడికిస్తే తగ్గకపోగా పచ్చి గింజ కంటే విషం పెరగొచ్చు అని అమెరికా ఆహార, ఔషధ సంస్థ వాళ్లు ఏనాడో రాసి పెట్టారు. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం అరగంట తెర్లించమని వాళ్ల సలహా. నేను పొట్లాలకి నంబర్లు వేశాను, గ్రాములు రాశాను, ఈ ఒక్క ముక్క వెతకలేదు. ఇతరుల బిల్లుల్లో వోచరు లేదని ముప్ఫై ఏడేళ్లు అభ్యంతరాలు రాసిన వాణ్ణి.

మాంసం గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి కొన్నాం. ఆ పాత కుక్కర్‌లో సగానికి పైగా నీళ్లు పోసి 'లో' మీద ఎనిమిది గంటలు ఉంచి చూస్తే 78 డిగ్రీలు. 85 దాటాలి. దాన్ని చెత్తకుండీ దగ్గర పెట్టి, కొత్తది కొని, దానికీ అదే పరీక్ష పెట్టి 92 చూశాకే రిజిస్టరులో చేర్చుకున్నాను. మిగిలిన నాలుగు రాజ్మా పొట్లాలూ పారేసి, అదే నంబర్లతో కొత్తవి, ఈసారి అరగంట తెర్లించి చల్లార్చినవి, పెట్టాను. వియ్యపురాలు గారికి ఫోన్ చేసి "చెల్లెమ్మగారూ, పొంగు విషయంలో మీరు చెప్పిందే నిజం" అన్నాను. ఆవిడ దాన్ని మంగళవారానికి కూడా కలిపి జమ వేసుకున్నారు.

ఇంకొక్క మాట, ఎవరికైనా పనికొస్తుందని. గడ్డకట్టిన కోడిమాంసం నేరుగా కుక్కర్‌లో వేయకూడదు. 4 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి, గడ్డ కరిగి ఆ మధ్య మెట్టు దాటడానికి గంటలు పడుతుంది. ఫ్రీజరు సూక్ష్మజీవుల్ని చంపదు, పడుకోబెడుతుంది. పచ్చి బంగాళాదుంప ఫ్రీజరులో నల్లబడుతుంది, వేయకండి. పోపు ఎప్పటికప్పుడే.

ఇంతలో గ్రహణం వచ్చింది. 2024 ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణం, అదీ సరిగ్గా డాలస్ మీదుగా. తేదీకి ఆరు రోజులు ముందు! ఇండియా నుంచి ఫోన్లు మొదలయ్యాయి. అమ్మాయిని మంచం మీద కదలకుండా పడుకోబెట్టాలి. కత్తి పట్టకూడదు. ఫ్రీజరు నిండా వంటలున్నాయి కదా, ప్రతి సంచి మీదా దర్భ వేయాలి, లేదా పారేయాలి. ప్లేనోలో దర్భ దొరుకుతుందట కూడా, అల్లుడు కనుక్కున్నాడు.

నేను సిద్ధంగానే ఉన్నాను. పెదవి చీలి పుట్టడాన్ని మన భాషలో గ్రహణం మొర్రి అంటాం. మూఢనమ్మకం నిఘంటువులోకే ఎక్కి కూర్చుంది. ఆ చీలిక ఏర్పడేది కడుపులో మొదటి రెండు మూడు నెలల్లో, ముఖం తయారయ్యే దశలో. తొమ్మిదో నెలలో సూర్యుడికి చంద్రుడు అడ్డొస్తే పెదవికి ఏమవుతుంది? ఇదంతా అమ్మాయికి చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

"అదంతా నాకు తెలుసు నాన్నా. కానీ తర్వాత ఏ చిన్న తేడా వచ్చినా నన్నే అంటారు. నిన్ను అనరు."

నా దగ్గర దానికి జవాబు లేదు. 1980 ఫిబ్రవరి 16న గ్రహణం నాడు నేను బి.కామ్ విద్యార్థిని. అమ్మ వండినదంతా పారబోస్తుంటే ఎదురుతిరిగి ముద్ద తిన్నాను. అప్పటి నుంచీ దాన్ని నా హేతువాదానికి పుట్టిన రోజుగా చెప్పుకుంటూ వచ్చాను. 1995 అక్టోబరు 24న గ్రహణం వేళ మేం కొందరం బహిరంగంగా కూర్చుని పులిహోర తిన్నాం. ఆ పులిహోర తెల్లవారుజామున లేచి కలిపి క్యారేజీ కట్టి ఇచ్చింది మా ఆవిడ. తను మాత్రం విడుపు స్నానం దాకా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అప్పుడు అమ్మాయికి నాలుగేళ్లు. దాన్ని ఒళ్లో పెట్టుకుని తలుపు వేసుకుని కూర్చుందట. సాయంత్రం నేను ఇంటికొచ్చి సభ ఎంత బాగా జరిగిందో చెప్పాను. నువ్వు తిన్నావా అని అడిగినట్టు గుర్తు లేదు. ఎందుకు తినలేదని వాదించినట్టు మాత్రం గుర్తుంది.

ఆ మాట అమ్మాయికి చెప్పలేదు. "నీ ఇష్టం అమ్మా. లోపల ఉంటానంటే ఉండు. ఆకలేస్తే మాత్రం చెప్పు" అన్నాను.

ఏప్రిల్ 8 పొద్దున ఏడింటికి కోడికూర, పొట్లం నంబరు 14, 'లో' మీద వేశాను. దర్భ వేయలేదు. మబ్బులు పట్టి ఉన్నాయి, మధ్యాహ్నానికి విచ్చాయి. ఒంటిగంటా నలభై దాటాక నట్టింట్లో చీకటి పడింది, వీధి దీపాలు వెలిగాయి, పక్కవాళ్ల పిల్లలు కేకలు పెట్టారు. నేను అద్దాలు తీసి మూడు నిమిషాలకు పైగా నోరు తెరుచుకుని చూశాను. పద్దెనిమిదేళ్ల వయసులో ముద్ద తినే హడావిడిలో ఆకాశం వంక సరిగా చూడనేలేదు. వెనక్కి తిరిగితే అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది, ఒక చెయ్యి నడుము మీద, రెండో చేతిలో గ్రహణం అద్దాలు. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. నేను అడగలేదు.

చీకటి విడిచాక "కూర అయిందా నాన్నా?" అంది. ఇంకో గంట పడుతుందన్నాను. ఆగలేదు. మూత తీసి ఒక ముక్క పళ్లెంలో వేసుకోబోతుంటే థర్మామీటరు గుచ్చి, 81 ఉంది, తినొచ్చు అన్నాను.

మనవరాలు ఏప్రిల్ 12న పుట్టింది. ఇంటికి తెచ్చిన రోజుకి నిల్వ ముప్ఫై మూడు, రిజిస్టరూ ఫ్రీజరూ సరిపోయాయి. 1991లో అమ్మాయి పుట్టినప్పుడు తెనాలిలో మా అత్తగారింట్లో మా ఆవిడకి నెల రోజులు కారప్పొడి అన్నం పెట్టి, దాహమంటే గుక్కెడు నీళ్లు కొలిచి ఇచ్చారని ఆవిడ చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. నేను అప్పుడు సికింద్రాబాదులో ఉన్నాను, మార్చి లెక్కలు మూసే పనిలో. ఇప్పుడు అమ్మాయి మంచం పక్కన రెండు లీటర్ల సీసా పెట్టి, అది ఖాళీ అయినప్పుడల్లా నోటుబుక్కులో గీత గీశాను. సొరకాయ పప్పు, కోడికూర, రాజ్మా అన్నీ తింది. వెల్లుల్లి కారం కూడా అడిగింది, అది నాకు రాదు.

మే నెలలో వియ్యపురాలు గారు వచ్చారు. సామాను దించకుండానే ఫ్రీజరు తెరిచి, మిగిలిన పొట్లాల మీద నా రాత ఒక్కొక్కటీ చదివారు. రాజ్మా అని ఉన్నదాన్ని బయటికి తీసి, వెలుతురులో పెట్టి చూసి, "దీనికి పొంగు వచ్చిందా అన్నయ్యగారూ?" అన్నారు. వచ్చింది, అరగంట, అన్నాను. సాయంత్రం అన్నంలో కలుపుకుని రెండు ముద్దలు తిని, ఉప్పు చాల్లేదన్నారు.