రఘునాథపల్లిలో ఊగే పగడాలు

హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే దారిలో జనగామ దాటాక వచ్చే మండల కేంద్రం రఘునాథపల్లి. సర్వాయి పాపన్న కోట ఉన్న ఖిలాషాపురం ఈ మండలంలోదే. ఎండాకాలం వచ్చిందంటే ఎవరి బోరులో ఎన్ని నీళ్లున్నాయన్నదే ఇక్కడి ముచ్చట. సముద్రం ఏ దిక్కు చూసినా 200 కిలోమీటర్లకు పైనే. అలాంటి ఊళ్లో ఒక మిత్రుడు నడింట్లో ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టి, అందులో పగడాలు పెంచుతున్నాడంటే చూడబోయాను. నాకూ ఒకటి పెట్టుకోవాలని ఉంది. నీళ్లలో ఒయ్యారంగా ఊగే పగడాలు ఏవో అడిగి తెలుసుకుందామని ఆశ.

నాలుగడుగుల గాజు తొట్టి, పైన నీలి వెలుగు. రాళ్ల మీద ఎడమపక్కన లేత గోధుమరంగు వేళ్ల గుత్తి: సైన్యులేరియా. నడుమ వెడల్పాటి టోపీతో లెదర్ కోరల్. కుడిపక్కన మిగతావాటికి దూరంగా ఉన్న ఒంటరి రాయి మీద జీనియా. మూడూ కదులుతున్నాయి. మూడింటి కదలికా ఒకటే అనుకున్నాను.

"గిప్పుడు చూడు" అంటూ మావాడు నీళ్లను కదిలించే వేవ్ పంపు స్విచ్ తీసేశాడు. సైన్యులేరియా వేళ్లు మెల్లగా నిలువుకొచ్చి ఆగిపోయాయి. లెదర్ కోరల్ టోపీ మీద చిన్న పువ్వుల్లా ఉండే పాలిప్‌లూ సద్దుమణిగాయి. జీనియా మాత్రం ఆగలేదు. ఒక్కో కాడ చివర ఎనిమిది చేతులు, ప్రతి చేతికీ రెండు పక్కలా సన్నటి కొమ్మలు. అవి పిడికిలి బిగించినట్టు దగ్గరికొస్తాయి, మళ్లీ విచ్చుకుంటాయి. పక్కపక్కనే ఉన్నా ఒకదాని లయ ఇంకొకదానికి లేదు. నీళ్లు కదలకపోయినా తనే కదిలే పగడం అది.

స్థిరంగా ఒకచోట పాతుకుని ఉండే జీవికి ఇంత శ్రమ దేనికి? ఎర్రసముద్రం ఒడ్డున, ఇజ్రాయెల్‌లోని ఎయిలాత్ దగ్గర జీనియా కుటుంబపు పగడం మీద చేసిన పరిశోధన 2013లో వెలువడింది. పగడం ఒంట్లో కాపురముండే నాచు కణాలు వెలుతురుతో ఆహారం తయారుచేస్తాయి. ఆ పనిలో పుట్టిన ఆక్సిజన్ చుట్టూ పేరుకుంటే పని మందగిస్తుంది. చేతులు ఆడించడంవల్ల ఆ నీరు పక్కకు పోయి కొత్త నీరు వస్తుంది, కిరణజన్య సంయోగక్రియ ఎన్నో రెట్లు పెరుగుతుంది. మనకు నాట్యంలా కనబడేది దానికి తిండి సంపాదన.

అయితే జీనియాకు రాయి దొరికితే చాలు, తుంగలా అల్లుకుపోతుంది. అందుకే మావాడు దాన్ని వేరే రాయి మీద వెలివేశాడు. లెదర్ కోరల్‌ది ఇంకో తరహా. అప్పుడప్పుడు పాలిప్‌లన్నీ లోపలికి లాక్కుని, పైన మైనంలాంటి పొర కట్టి, రోజుల తరబడి చచ్చినట్టు పడి ఉంటుంది. కొత్తవాళ్లు కంగారుపడి తీసి పారేస్తారట. ప్రవాహం కాస్త పెంచితే ఆ పొర ఊడిపోయి మళ్లీ విచ్చుకుంటుంది. పక్కవాటిని ఎదగనివ్వకుండా నీళ్లలోకి విషపదార్థాలు కూడా వదులుతుంది కనుక ఫిల్టర్‌లో కార్బన్ తప్పనిసరి.

ఊపు కావాలంటే పగడం కంటే ముందు పంపు చూడాలంటాడు మావాడు. పంపు నేరుగా పగడం మీదికి పెడితే ఒకే పక్కకు వాలిపోతుంది, పాలిప్‌లు ముడుచుకుంటాయి. ఎదుటి గాజుకు కొట్టి తిరిగొచ్చే నీళ్లు కావాలి. రెండు పంపులు వంతులవారీగా నడిస్తే ఇంకా మంచిది. మెత్తని పగడాలకు గంటలో తొట్టి నీళ్లు 20 సార్లు తిరిగితే చాలని అతని లెక్క.

మేం మాట్లాడుతుండగా పొరుగింటి పెద్దమ్మ వచ్చింది. "ఉంగరంల పెట్టుకునేది గిదేనా బిడ్డా?" అని అడిగింది. కాదు పెద్దమ్మా, అది మధ్యధరా సముద్రంలో దొరికే ఇంకో జాతి అస్థిపంజరం, కుజదోషానికి ఇది పనికిరాదు అన్నాడు. ఆమెకు నమ్మకం కుదిరినట్టు లేదు.

అసలు నేను మనసుపడి వెళ్లినవి టార్చ్, హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ కోరల్స్. వీడియోల్లో పొడుగాటి వేళ్లు అలలతో ఊగుతుంటే కళ్లు తిప్పుకోలేం. అవేవీ ఇక్కడ లేవు. కారణం చట్టం. ఆ మూడూ రాతి పగడాలే. రాతి అస్థిపంజరం కట్టే పగడాలన్నిటినీ, సముద్రపు విసనకర్రలనే గోర్గోనియన్లనూ 2001లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వీటికీ. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. దుకాణంలో గాజు వెనక పెట్టి అమ్ముతున్నంత మాత్రాన అది సక్రమమైన సరుకు అయిపోదు. టార్చ్ కోరల్‌కు ఇంకో గుణం కూడా ఉంది: రాత్రిపూట పొడుగాటి తీగలు చాచి పక్కవాటిని కుడుతుంది. నాకైతే వాటి మీద ఆశ పోయింది.

మావాడి పగడాలు హైదరాబాద్‌లో ఇంకో అక్వేరియం పెంపకందారు తన తొట్టిలోనివి కోసిచ్చిన ముక్కలు. మెత్తని పగడాన్ని బ్లేడుతో కోసి, రాతిముక్కకు కడితే కొన్నాళ్లకు అతుక్కుంటుంది. సముద్రం జోలికి పోనక్కర్లేదు.

ఇక నీళ్లు. బోరునీళ్లు పనికిరావు. ఆర్‌ఓ దాటించి, రెసిన్‌లోంచి మళ్లీ వడకట్టి, టీడీఎస్ మీటర్ సున్నా చూపించాకే లీటరుకు 35 గ్రాముల చొప్పున అక్వేరియం ఉప్పు కలుపుతాడు. వంటింటి ఉప్పుతో పని జరగదు. ఎండలకు నీళ్లు ఆవిరైతే తగ్గినంత మేర మంచినీళ్లే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటినా తొట్టిలో 26 దగ్గరే ఉండాలి కనుక నీళ్లను చల్లబరిచే చిల్లర్ ఆగకుండా తిరుగుతుంది. నీళ్లు వేడెక్కితే పగడం ఒంట్లోని నాచును బయటికి తోసేసి తెల్లబడిపోతుంది. మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో 1998, 2010, 2016లలో జరిగింది ఇదే. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ముందు పంపు తిరగాలి, లైటు తర్వాత. కరెంటు బిల్లు సంగతి అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఊగే పగడాలు కావాలనుకునేవారు సైన్యులేరియా, లెదర్, జీనియాలతో మొదలుపెట్టండి. అవి షెడ్యూల్-1 రాతి పగడాల్లోకి రావు గదా అని ధీమా వద్దు. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే కాగితం, చేతికి బిల్లు ఇవ్వలేని దుకాణంలో ఏదీ కొనకండి.