వెనక గోడ నాచు

పాచి పట్టిందంటే మన ఇళ్ళలో ఒకటే అర్థం. బ్లీచింగ్ పౌడరూ కొబ్బరి పీచూ తీయాలని. అలాంటిది, తిరువూరులో ఒక రిటైర్డ్ లెక్చరరుగారు పనిగట్టుకుని నాచు పెంచుతున్నారంటే విన్నవాళ్ళు నవ్వడంలో వింతేముంది?

ఆయన ముప్ఫై ఏళ్ళపాటు ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పారు. ఏటా ఫ్యునేరియా పాఠం వచ్చేది. ఏటా ఫార్మలిన్ సీసాలో రంగు పోయిన మొక్కను బల్లమీద పెట్టి, 'ఇది అసలు పచ్చగా ఉంటుంది, నా మాట నమ్మండి' అనేవారు. పిల్లలు నమ్మేవారో లేదో గానీ, బొమ్మ మాత్రం చక్కగా గీసేవారు.

రిటైరయ్యాక పెరట్లో పాత నుయ్యి పూడ్చి, బండి పెట్టుకోవడానికి చప్టా చేయించాలని ఇంట్లో అనుకున్నారు. ఇటుకా సున్నంతో కట్టిన నూతి గట్టు. వానాకాలం వస్తే దానిమీద మెత్తటి పచ్చ దుప్పటి పరుచుకునేది. మేస్త్రీ వచ్చే ముందురోజు ఆయన వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి అరచేతి వెడల్పు ముక్కలు గీకి, తడిగుడ్డలో చుట్టిపెట్టారు. ఆ అట్లకాడ మళ్ళీ వంటింట్లోకి రాలేదు.

భార్య ఒప్పుకోలేదు. ఆవిడ కోపానికి కారణం ఉంది. అంతకు నాలుగేళ్ళ ముందు ఆయన తల్లి ఆ నూతి దగ్గరే బట్టలుతికే బండ మీద జారి పడింది. తుంటి విరిగింది. విజయవాడలో ఆపరేషన్ చేయించారు. ఇప్పుడు వాకర్ లేకుండా అడుగు వేయదు. ఆనాటినుంచి కోడలు శనివారం శనివారం పెరడంతా బ్లీచింగ్‌తో రుద్దుతుంది.

"అమ్మ జారింది దీనిమీద కాదు. అది జిగురు పాచి, శైవలం. దీనికి కాండం ఉంది, ఆకులున్నాయి. ఇది మొక్క" అని ఆయన చెప్పబోయారు.

"ఏదైతేనేమండీ, తడిస్తే కాలికింద రెండూ ఒకటే" అందావిడ.

అది నిజమే. తడిసిన నాచు మీద కాలేస్తే అదీ జారుతుంది. చివరికి రాజీ కుదిరింది. నేలమీద గానీ మెట్లమీద గానీ మేడమీది తూము దగ్గర గానీ నాచు కనిపించకూడదు. మనిషి నడవని వెనక ప్రహరీ మీద మాత్రం, అదీ నేలకు రెండడుగుల పైన, ఆయన ఇష్టం.

నాచుకు వేళ్ళుండవు. పట్టుకోవడానికి సన్నటి నూలుపోగుల్లాంటివి ఉంటాయంతే. నీళ్ళు ఆకులతోనే తాగుతుంది. కాబట్టి ఎరువూ సారవంతమైన మట్టీ అక్కర్లేదు, గరుకైన, తేమ పీల్చే పాత గోడ కావాలి. కొత్త సిమెంటు క్షారం దానికి పడదు, నున్నటి రంగు మీద పట్టు దొరకదు. పాత ఇటుక గోడలంటే మహా ఇష్టం.

మజ్జిగలో నాచు కలిపి గోడకు పూస్తే త్వరగా పడుతుందని ఎవరో చెప్తే అదీ చేశారు. వారం తిరిగేసరికి బూజు, చీమలు, పులిసిన వాసన! "ఒరేయ్, మనుషులు తాగే మజ్జిగ గోడకు పోస్తావట్రా" అని తల్లి మంచంమీంచే కేకలేసింది. మజ్జిగ మానేశారు.

నీళ్ళ సంగతీ అంతే. బోరు నీళ్ళు ఆరితే తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్. అందుకని వాన నీళ్ళు డ్రమ్ములో పట్టి, ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో పొద్దున్నే చల్లేవారు.

ఉత్తరం వైపు తిరిగిన గోడకు ఎండ తగలదని పుస్తకాల్లో రాస్తారు. అవి చలి దేశాల వాళ్ళ పుస్తకాలు. తిరువూరు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికే ఒరుగుతాడు. రోహిణి కార్తె ఎండ ఆ గోడను సూటిగా కొట్టేసరికి ఆయన కంగారుపడి తాటాకు తడక అడ్డం కట్టారు.

నీళ్ళు చల్లడం మాత్రం ఏప్రిల్‌లోనే ఆపేశారు. చూసేవాళ్ళకది దయలేనితనంలా ఉంటుంది. కానీ నాచు ఎండిపోయి ఉంటే ఎంత వేడినైనా ఓర్చుకుంటుంది. తడిగా ఉన్నప్పుడు అదే వేడి తగిలితే ఉడికి చస్తుంది. మన గోడలమీద తరచూ కనిపించే హయోఫిలా అనే రకం ఎండితే ఆకు అంచులు లోపలికి చుట్టుకుని గోధుమరంగు పొట్టులా అయిపోతుంది. ఆ రెండు నెలలూ "పోయిందిగా మీ తోట" అని భార్య రోజూ అంటూనే ఉంది.

వేళ్ళు లేని ఈ మొక్క గాలిలో ఏముంటే అది ఒంట పట్టించుకుంటుంది. స్వీడన్‌లో 1960ల చివర్లోనే గాలిలోని సీసం లాంటి లోహాలను నాచుతో కొలవడం మొదలెట్టారు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 2013లో 346 చోట్ల చెట్లమీది నాచు సేకరించి పరీక్షిస్తే రంగు గాజు కర్మాగారాల దగ్గర కాడ్మియం బయటపడింది. 2016లో ఆ సంగతి తెలిసి ఊరంతా అట్టుడికిపోయింది. భోజనాల దగ్గర ఆయన ఇది చెప్తుంటే భార్య మొదటిసారి గరిటె ఆపి వింది. తిరువూరు మీదుగా జాతీయ రహదారి మీద పగలూ రాత్రీ లారీలు పోతూనే ఉంటాయి మరి.

తొలకరి పడిన రోజు పెద్దావిడను కుర్చీలో వెనక వరండాలోకి తీసుకొచ్చారు. గోడమీది పొట్టు నిమిషాల్లో విచ్చుకుని పచ్చబడింది. "నూతి గట్టుదేనట్రా?" అని అడిగిందావిడ. "అదేనమ్మా" అన్నారాయన. చాలాసేపు అటే చూస్తూ కూర్చుంది.

జులైలో పక్కవీధి నుంచి ఇంటర్ చదివే అమ్మాయి రికార్డు పుస్తకం పట్టుకుని వచ్చింది. ఆయన భూతద్దం వెతుక్కుంటుంటే, ఆ పిల్లను పెరట్లోకి తీసుకెళ్ళింది భార్యే. "చప్టా తడిగా ఉంది, నా చెయ్యి పట్టుకో తల్లీ. గోడ మీదది ముట్టుకున్నా ఏం కాదులే" అంది.